పదకొండు మంది చెప్పిన మాట

పోటీకి పదకొండు మంది పేర్లిచ్చారని మైకులో చెప్పగానే అతను లేచి వెళ్ళిపోయి ఉండాల్సింది. కాని మొదటి వరసలో, సరిగ్గా మధ్యలో, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలో కూర్చోబెట్టారు. బయటపడాలంటే అటైనా ఇటైనా ఆరుగురి మోకాళ్ళు దాటాలి. పైగా ఎడమపక్క కుర్చీలో భార్య ఉంది, ఎక్కడికని అడుగుతుంది, ఏమని చెప్తాడు. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖానికి ఓ చిరునవ్వు తగిలించుకుని కూర్చున్నాడు. ఆ నవ్వు అప్పటికే దవడల్లో నొప్పిగా దిగింది. కింద ఫర్నిచర్ దుకాణం, దాని మీద ఈ హాలు. మెట్లెక్కుతున్నప్పుడే వార్నిషు ఘాటు ముక్కుకి తగిలింది, పైకొచ్చాక దానికి చెమట తోడైంది. డెబ్భై మంది ఉంటారేమో, అందులో సగం మంది ఇంత ఉక్కలో మెడ దాకా ఆకుపచ్చ ఉన్ని స్వెట్టర్లు వేసుకొచ్చారు. సీరియల్లో పెద్దకోడలు ఆకుపచ్చ స్వెట్టరు వేసుకునేది కదా, అందుకు. ఆ స్వెట్టరు కథ వీళ్ళకేం తెలుసు, మొదటివారం ఆ నటికి జలుబు చేస్తే మేకప్ మనిషి జాలిపడి తన ఒంటిమీది స్వెట్టరు తీసి ఇచ్చింది, జలుబు తగ్గాక తీసేద్దామంటే కంటిన్యుటీ అన్నారు, ముందు సీన్లో ఉన్నది తర్వాత సీన్లోనూ ఉండాలట, ఆ కంటిన్యుటీ కోసం నాలుగేళ్ళు వేసుకుంది, ఇప్పుడు పదహారేళ్ళ తర్వాత వీళ్ళు దాన్ని దీక్షావస్త్రంలా తొడుక్కుని, చంకల కింద నల్లగా తడిసిపోయి, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. ఒక లావుపాటాయన అతన్ని కూడా కావలించుకున్నాడు. ఆ తడి ఇంకా చొక్కా మీద ఉన్నట్టే ఉంది. ఏసీ నుంచి నీళ్ళు చుక్క చుక్కగా బకెట్లోకి కారుతున్నాయి, ఎవరో ఆ బకెట్లో టీ కప్పు పడేశారు, అది తిరిగి తిరిగి బకెట్ అంచుకి తగులుతోంది.

'వంతెన పక్క ఇల్లు' సీరియల్‌కి మాటలు రాసింది అతనే. నాలుగేళ్ళ పాటు వారానికి ఐదు సాయంత్రాలు, రోజుకి పన్నెండు పేజీలు. పొద్దున ఏడింటికల్లా పేజీలు షూటింగుకి చేరకపోతే డైరెక్టరు ఫోను చేసి పేజీలేవి బాబాయ్ అని అరిచేవాడు, అలా అతను యూనిట్ మొత్తానికీ పేజీల బాబాయ్ అయ్యాడు. సొంత పేరు టైటిల్స్‌లో ఒక్క సెకను కనపడేది, దాన్ని చదివానన్న మనిషి ఇంతవరకు తారసపడలేదు. అందుకే ఒక పళ్ళ డాక్టరమ్మ ఫోను చేసి, మా అభిమానుల సంఘం ఏడాదికోసారి కలుస్తుందండీ, ఈసారి మాటల రచయితని సన్మానించుకుందామని అనుకున్నాం అన్నప్పుడు సరేననడానికి అతనికి క్షణం పట్టలేదు. ఆ సరేలో ఎంత ఆత్రం పలికిందో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. వచ్చీ రాగానే ఒకాయన ఫైలుతో మీద పడ్డాడు. నాలుగువందల పన్నెండో ఎపిసోడ్లో అత్తగారి గడియారం ఎడమచేతి నుంచి కుడిచేతికి ఎందుకు మారిందో, అందులో మీ ఉద్దేశం ఏమిటో చెప్పమన్నాడు. ఉద్దేశమా. ఆవిడకి ఎడమ మణికట్టు మీద దద్దురు లేచింది నాయనా. కాని అతను ఆ మాట అనలేదు, మీరే ఊహించుకోవాలి అన్నాడు, కనుబొమ్మలు కూడా ఎగరేశాడు, ఆయన మురిసిపోయి అది రాసుకున్నాడు. ఇంత సులువుగా మురిసిపోయే మనుషుల్ని చూస్తే జాలి కలగాలి, అతనికి మాత్రం జిడ్డుచేతితో ఎవరో బుగ్గ నిమిరినట్టుంది.

భార్యని రావద్దని నోటితో అనలేదు గాని, అన్నంత పని చేశాడు. అక్కడేముంది, కుర్చీలు, ఉపన్యాసాలు, నీకు విసుగు, అన్నాడు. ఆమె బస్సు పాసు సంచిలో వేసుకుంటూ, ఇవాళ సెలవే కదా, వస్తాను అంది. ఆమె నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర ముప్పై ఏళ్ళుగా పనిచేస్తోంది. రాసుకున్నామండీ, సాయంత్రానికి మనిషి వస్తాడండీ అని రోజుకి రెండువందల సార్లు చెప్పే గొంతు ఆమెది, కోపంలోనూ సంతోషంలోనూ అదే గొంతు. సీరియల్ వచ్చినన్నాళ్ళూ ఆ అరగంటా ఆమె ఇంట్లో ఉండేది కాదు. సంచి తీసుకుని కూరలకి వెళ్ళేది, కూరలు ఉన్నా వెళ్ళేది. సీరియల్స్ అంటే పడదు దీనికి అనుకున్నాడు. అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు కూడా. ఒక్క ఎపిసోడ్, ఒక్కటంటే ఒక్కటి, రెండువందల ముప్పై ఆరోది, ఆమె చూడకుండా ఉంటే చాలు. ఆమె చూడలేదు. ఆ సాయంత్రం కూడా సంచి తీసుకుని వెళ్ళింది. ఇరవై ఏళ్ళ పాటు ఆ సంచికి అతను మనసులోనే దణ్ణం పెట్టుకుంటూ వచ్చాడు. ఇవాళ హాలు గుమ్మంలోనే, టీ బల్ల మీద, రంగు పెన్నులతో రాసిన అట్ట నిలబెట్టి ఉంది. పొంగిపోతున్న గిన్నె బొమ్మ, దాని మీద ఎర్రటి అక్షరాలు: ఈ పాలకి ఎవరూ చెప్పలేదా? ఆమె దాన్ని చదివిందో లేదో అతను చూడలేదు. చూడ్డానికి ధైర్యం చాలక చెప్పుల పట్టీ సరిచేసుకున్నట్టు వంగాడు. లేచేసరికి ఆమె టీ తీసుకుని ముందుకు నడుస్తోంది.

ఆ మాటనే పదకొండు మంది చెప్పబోతున్నారు. బాగా చెప్పినవాళ్ళకి పెద్దకోడలే స్వయంగా ఆకుపచ్చ స్వెట్టరు తొడుగుతుందట. ఆ నటి స్టేజి మీద పక్కకుర్చీలో కూర్చుని ఉంది, మనిషి నిండుగా అయింది, నవ్వు మాత్రం అదే. స్టేజి మధ్యలో ఇనపస్టాండు మీద ఒక ప్లాస్టిక్ వాష్‌బేసిన్ పెట్టారు, దానికి గొట్టం లేదు. సీరియల్లో ఆ సీను బాత్రూములో జరుగుతుంది. పెద్దకోడలికి పుట్టిన బిడ్డ దక్కదు, ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఆమె వాష్‌బేసిన్ ముందు నిలబడి, జాకెట్టు తడిసిపోతుంటే, గుమ్మంలో నిలబడ్డ అత్తగారితో అంటుంది. ఈ పాలకి ఎవరూ చెప్పలేదా అత్తయ్యా, తాగేవాళ్ళు లేరని? అంతే సీను. ఆ శుక్రవారం రాత్రి ఎన్ని ఇళ్ళల్లో అన్నాలు మానేశారో చానల్ వాళ్ళు లెక్కలు కట్టి చెప్పారు. తర్వాత తర్వాత ఆ మాట అరిగింది. పొయ్యి మీద పాలు పొంగితే ఈ పాలకి ఎవరూ చెప్పలేదా అని నవ్వుకునేవాళ్ళు. ఆవు బొమ్మ పక్కన రాసి ఫోన్లలో పంపుకునేవాళ్ళు. ఒకసారి కిరాణా కొట్లో పాల ప్యాకెట్ చిరిగితే కొట్టతను అదే మాట అన్నాడు, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.

మొదట వచ్చింది బ్యాంకులో పనిచేసే ఒకావిడ, కంట్లో ఏదో మందు వేసుకొచ్చినట్టుంది, నోరు తెరవకముందే కన్నీళ్ళు. రెండో పేరు మీద అక్కాచెల్లెళ్ళిద్దరు వచ్చి, మాటని రెండు ముక్కలు చేసి చెరొకటి చెప్పారు. మూడోవాడు మీసాలాయన, ఆడగొంతు పెట్టి చెప్పాడు, ఎద మీద రెండు చేతులూ బోర్లించుకున్నాడు, హాలు పగలబడి నవ్వింది. అతని కుర్చీ వెనక ఎవరో నవ్వి నవ్వి ఊపిరాడక దగ్గారు. ఆ నవ్వుల మధ్య అతనికి కనపడింది హాలు కాదు, ఆ రోజుల్లో వాళ్ళు అద్దెకున్న రెండు గదుల ఇంట్లో వెనకగది, దాని మూలనున్న చిన్న వాష్‌బేసిన్, దాని అంచున పగిలిన పింగాణీ, ఆ పగులులో పేరుకున్న గోధుమరంగు. ఇరవై ఆరేళ్ళ కిందట. ఆడపిల్ల. రెండు రోజులుంది. గాజుపెట్టెలో, పిడికిలి బిగించుకుని, అరచేతి వెడల్పు లేని ఛాతీ ఎగిరెగిరి పడుతూ రెండు రోజులుంది, మూడో పొద్దుటికి లేదు. ఇంటికి తీసుకొచ్చాక భార్యకి పాలు పడ్డాయి. ఆ సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు, అలా జరుగుతుందని అతనికి తెలీదు. రాత్రింబవళ్ళు పడ్డాయి. పాత చీర చింపి కట్టుకున్న గుడ్డలు గదిలో తీగ మీద ఆరేవి, ఆ గదికి ఒక పులుపు వాసన పట్టుకుంది, తియ్యగా పులిసిన వాసన, దిళ్ళకి, గోడలకి, అతని చొక్కాలకి. అతనికి వాంతి వచ్చేది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పుకోవాలి, సొంత పెళ్ళాం ఒంటి వాసనకి అతను ముక్కు బిగపట్టుకుని, పని ఉందని చెప్పి వరండాలో పడుకునేవాడు.

అయిదో ఆమె, ఆరో ఆమె. ఆరో ఆమె మధ్యలో మాట మర్చిపోయింది, హాలంతా కలిసి అందించింది. డెబ్భై గొంతులు ఒక్కసారిగా. ఈ పాలకి ఎవరూ చెప్పలేదా. పక్కన భార్య ఒళ్ళో బిస్కెట్ల కాగితం ఉంది, దాన్ని మడతపెడుతోంది, సగానికి, మళ్ళీ సగానికి, గోటితో అంచు నొక్కి మళ్ళీ సగానికి. ఆమెకి ఏమీ గుర్తులేదేమో. అదే నిజం కావాలని అతను గట్టిగా కోరుకున్నాడు. జ్వరంలో ఉంది అప్పుడు, మాత్రలు మింగుతోంది, ఆ మత్తులో అన్న మాట ఎవరికి గుర్తుంటుంది. మనుషులు రోజుకి వెయ్యి మాటలంటారు, రాసుకున్నవాడికి కదా ఒకటి మిగిలేది. ఈ వాదన అతను ఇరవై ఏళ్ళుగా తయారు చేసి పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే చెబుదామని, ఎవరూ అడగలేదు. చానల్ మనిషి వచ్చి కూర్చున్న రోజు గుర్తుంది. చల్లని గది, పొడుగాటి బల్ల, ఆ బల్ల మీద గీత కిందికి జారుతున్న ఒక గ్రాఫు కాగితం. జనం వేరే చానల్‌కి పోతున్నారు బాబాయ్, ఈ శుక్రవారానికి ఆడవాళ్ళు ఏడవాలి, ఎలా ఏడిపిస్తావో నీ ఇష్టం అన్నాడు. మూడు రోజులు గింజుకున్నాడు. నాలుగో పొద్దున బట్టల పెట్టె అడుగు నుంచి పాత పుస్తకం తీశాడు, అందులో మందుల చీటీ వెనక రాసుకున్న ఒక్క వాక్యం మడతపెట్టి ఉంది. తీశాడు, అత్తయ్యా అన్న పిలుపు చేర్చాడు, తాగేవాళ్ళు లేరని అన్న తోక తగిలించాడు, పంపించాడు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండింది. డైరెక్టరు ఫోను చేసి, ఎక్కణ్ణుంచి పట్టావు బాబాయ్ అన్నాడు, గొంతు బొంగురుపోయి ఉంది. అప్పుడే, ఆ క్షణానే, నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు. బస్సులో పోతుంటే వెనకసీట్లో ఎవరో పల్లెటూరావిడ పక్కనామెతో అంటుంటే విన్నాను అన్నాడు. ఆ బస్సునే తర్వాత పత్రికల వాళ్ళకీ ఎక్కించాడు. ఆ బస్సుకి రంగు వచ్చింది, వాన వచ్చింది, ఆవిడ చేతిలోకి ఒక బుట్ట వచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆవిడ ముఖం కూడా కనపడసాగింది అతనికి.

ఎనిమిదోది పన్నెండేళ్ళ పిల్ల, ఆకుపచ్చ స్వెట్టరు మోకాళ్ళ దాకా వేలాడుతోంది, అర్థం తెలియకుండా గబగబా అప్పజెప్పి అమ్మ వైపు చూసింది. ఎక్కువ చప్పట్లు ఆ పిల్లకే. తొమ్మిదో ఆమె మాత్రం పూర్తిగా తయారై వచ్చింది. వంగిన భుజాలు, పెద్ద కళ్ళు, స్వెట్టరు లోపల ఏదో దాచుకుని నడిచింది. వాష్‌బేసిన్ ముందు నిలబడి, తల వంచి, లోపలినుంచి పాల ప్యాకెట్ పైకి తీసి, రెండు అరచేతుల మధ్యా పెట్టి నొక్కింది. పాలు ఎగజిమ్మాయి. బేసిన్‌కి గొట్టం లేదని ఆమెకి తెలియదు కాబోలు, పాలు అడుగునున్న బెజ్జంలోంచి ధారగా స్టేజి మీద పడ్డాయి, చెక్కల సందుల్లోంచి మొదటి వరస కాళ్ళ దగ్గరికి పాకాయి. ఆమె ఏడుస్తూ మాట చెప్పింది. హాల్లో చాలామంది ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, ముక్కులు చీదుకున్నారు, పళ్ళ డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, స్టేజి మీద నటి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లైట్ల వేడికి ఆ పాల వాసన లేచింది, వార్నిషు మీదుగా, చెమట మీదుగా వచ్చి తగిలింది. వీళ్ళని చూస్తే అసహ్యమా, ఈ ముక్కులు చీదే చప్పుడంటే అసహ్యమా. కాదు, వీళ్ళేం చేశారు, ఒకడు దొంగసొమ్ము బజార్లో పెడితే కొనుక్కుని నెత్తిన పెట్టుకున్నారు. పాలు అతని చెప్పు అంచుని తాకాయి. కాలు వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు పక్కనుంచి, ఫిర్యాదు రాసుకునే అదే గొంతుతో, తల తిప్పకుండా, భార్య అంది.

"నేనలా అనలేదు."

అతనికి ఆ రెండు మాటలు అర్థం కావడానికి పదో ఆమె వచ్చి వెళ్ళేంతసేపు పట్టింది. పదకొండో మనిషి వచ్చాడో లేదో తెలియనే తెలియదు. తెలుసు. దీనికి తెలుసు. ఎప్పట్నుంచి? కూరల సంచి, ఇంట్లో కూరలున్నా తీసుకువెళ్ళిన సంచి. ఎవరో అతని భుజం మీద తడుతున్నారు, లేవమంటున్నారు, కాళ్ళు వాటంతటవే లేచాయి, పాల మడుగు దాటి మెట్లెక్కాయి. పళ్ళ డాక్టరమ్మ చేతిలో వంతెన ఆకారంలో పోతపోసిన గాజుబొమ్మ ఉంది. అది ఇచ్చేముందు మా అందరి తరఫునా ఒక్క ప్రశ్న అంది, అతను ఆ ప్రశ్న అడగకముందే విన్నాడు. ఆ మాట మీకెలా తట్టిందండీ? మైకు నోటి ముందుకొచ్చింది. ఒకసారి బస్సులో పోతుంటే అన్నాడు. నిజంగానే అన్నాడు, నోరు అలవాటుపడ్డ దారిన పోయింది, వాన పడుతోందండీ ఆ రోజు అని కూడా అన్నాడు. ఎదురుగా మొదటి వరసలో ఆమె కాగితం మడతపెట్టడం ఆపి అతని వైపు చూస్తోంది. కోపంగా కాదు. అవతలివాళ్ళు ఇంటి నంబరు తప్పు చెప్తున్నారని తెలిసీ, వాళ్ళంతట వాళ్ళే సరిచేసుకుంటారేమో అని ఫోను పట్టుకుని ఆగే మనిషిలా. అతను ఆ వాన దగ్గరే ఆగాడు. ఏసీ నీళ్ళ చుక్క పడటం వినిపించింది. బస్సు లేదండీ, అన్నాడు. ఆ మాట నాది కాదు, మా ఆవిడది, మా బిడ్డ పోయినప్పుడు అంది, నేను తీసుకున్నాను, అడక్కుండా తీసుకున్నాను.

వెంటనే చప్పట్లు. అతను ఇంత గట్టి చప్పట్లు తన జీవితంలో వినలేదు. లేచి నిలబడి కొట్టారు. ఎంత గొప్ప మనసండీ, భార్యకి ఇచ్చేశారు చూడండి అని ఎవరో అరిచారు. అతను కాదు, కాదు అని చెయ్యి ఊపాడు, దాన్ని కూడా వినయం అనుకున్నారు. ఇంతలో నలుగురు స్వెట్టర్ల వాళ్ళు మొదటి వరస దగ్గరికి వెళ్ళి భార్యని చెయ్యి పట్టుకుని లేపారు. ఎవరో ఆమె పాదాలకి దణ్ణం పెట్టారు, ఎవరో ఫోను ఎత్తి ఫోటోలు తీశారు. మెట్లెక్కిస్తుంటే ఆమె చెప్పు పాలలో జారింది, నటి వచ్చి పట్టుకుంది, తెచ్చి ఆ వాష్‌బేసిన్ పక్కనే నిలబెట్టారు. ఒక్కసారి అమ్మా. మీ నోటితో ఒక్కసారి. హాలంతా అదే పాట ఎత్తుకుంది, ఒక్కసారి, ఒక్కసారి. పన్నెండేళ్ళ పిల్ల కూడా అంటోంది. తను చేసిన పనేమిటో అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ మాట ఒక్కటే తీసుకున్నాడు, ఇవాళ మనిషినే తెచ్చి బల్ల మీద పెట్టాడు, అదీ నిజం చెప్పానన్న పేరుతో. ఆమెని దించేయాలి అనుకున్నాడు. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అక్కడే, గాజుబొమ్మ కోసం చాచిన చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

ఆమె మైకు తీసుకుంది. దాన్ని ఎంత దూరంలో పట్టుకోవాలో ఆమెకి తెలుసు.

"నేనన్నది అది కాదండీ. ఎవరూ చెప్పలేదా అని నేనడగలేదు. మీరైనా చెప్పండి అన్నాను. ఈయనతో అన్నాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. మీలో ఎవరితోనూ అనలేదు."

మైకు డాక్టరమ్మ చేతిలో పెట్టి, జాగ్రత్తగా తడి తప్పించుకుంటూ మెట్లు దిగింది. ఎవరో రెండు చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళు కొట్టకపోవడంతో ఆపేశారు. అతను ఆమె వెనకే దిగాడు, వెనకనుంచి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి గాజుబొమ్మ చంకలో కుక్కింది. మెట్ల మీద దిగుతుంటే, వార్నిషు వాసనలోకి దిగుతుంటే, అంతా వచ్చేసింది, ఇరవై ఆరేళ్ళుగా సగమే గుర్తున్నదంతా. మీరైనా చెప్పండి ఈ పాలకి. వాష్‌బేసిన్ అంచు పట్టుకుని, తల వెనక్కి తిప్పి, సరిగ్గా అతని కళ్ళల్లోకి చూసి అంది. జ్వరం లేదు అప్పటికి, మత్తూ లేదు. ఏదో ఒకటి చెప్తాడని చూసింది. దగ్గరికి రావచ్చు, తల మీద చెయ్యి వెయ్యొచ్చు, నోరు తెరవచ్చు, ఏమీ చేతకాకపోతే పక్కన నిలబడొచ్చు. అతను ముక్కు బిగపట్టుకుని ఉన్నాడు. అరే ఏం మాట అనుకున్నాడు. వెంటనే బయటికి వెళ్ళాడు, తలుపు దగ్గరికి వేశాడు, వరండాలో జేబులోంచి మందుల చీటీ తీసి గోడకి ఆనించి రాసుకున్నాడు. రాస్తూ రాస్తూనే మార్చాడు. మీరైనా అని ఉంటే అందులో ఒక మగవాడు నిలబడి ఉంటాడు, వాడు ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. ఎవరూ అంటే గదిలో మనిషే ఉండడు. అంత తెలివిగా, అంత వేగంగా, భార్య తలుపు అవతల నిలబడి ఉండగానే, తనని తాను ఆ వాక్యంలోంచి తీసేసుకున్నాడు. మెట్ల మలుపులో గోడ పట్టుకుని ఆగాడు. వాంతి వచ్చినట్టే వచ్చి రాలేదు, నోట్లో చేదు నీళ్ళు మాత్రం ఊరాయి, అక్కడే మూలకి ఉమ్మేశాడు.

బస్టాపులో ఆమె బెంచీ మీద ఒక చివర కూర్చుని ఉంది. అతను రెండో చివర కూర్చున్నాడు, మధ్యలో గాజుబొమ్మ పెట్టాడు. ఎండ నెత్తిమీద ఉంది. రోడ్డు అవతల ఎవరో లారీలోంచి పరుపులు దించుతున్నారు. ఎప్పుడు తెలిసింది అని అడగడానికి అతనికి రెండు బస్సులు వెళ్ళిపోయేంత సమయం పట్టింది. మర్నాడే తెలిసిందని చెప్పింది ఆమె. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు టైపిస్టు ఆ సీను మొత్తం చేసి చూపించిందట, చేస్తూ ఏడ్చిందట, ఈమె ఆమెకి మంచినీళ్ళు ఇచ్చిందట. ఇన్నేళ్ళూ నన్నెందుకు అడగలేదు అన్నాడు. అడిగితే మీరు క్షమించమంటారు, అప్పుడు నేను క్షమించాల్సి వస్తుంది, అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. మరి ఇవాళెందుకు వచ్చావని అడిగాడు. టీవీలో వినలేదు కదా, ఒకసారి వింటే అది నాది కాదనిపిస్తుందేమోనని వచ్చాను అంది. అనిపించిందా అని అడగలేకపోయాడు. ఆమె చెప్పు విప్పి, సంచిలోంచి రుమాలు తీసి, అంచుకి ఎండి అట్టకట్టిన పాలని శ్రద్ధగా తుడిచింది. తుడుస్తూనే, రోడ్డు వైపు చూస్తూ, దానికి నేనో పేరు పెట్టుకున్నాను అంది. ఆ రెండు రోజుల్లో. గాజుపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు. పైకి పిలిచాను కూడా.

ఇరవై ఆరేళ్ళలో ఆ పిల్లకి పేరుందా అన్న ఆలోచనే అతనికి రాలేదు. రాసిన ప్రతి ముష్టి పాత్రకీ పేరు పెట్టాడు, బండివాడికి, పాలవాడికి, రెండు ఎపిసోడ్లలో చచ్చిపోయే మేనత్తకి పేర్లు పెట్టాడు.

"ఏం పేరు?"

ఆమె అతని వైపు తిరిగి చాలాసేపు చూసింది. అతన్ని ఆమె ఇష్టపడే కాలమొకటి ఉండేది, ఆ చూపులో ఇంకా ఎక్కడో అది కొంచెం ఉంది, అదే భరించలేకపోయాడు.

"మీకు చెప్తే రాస్తారు."

లేదు, రాయను, ఒట్టు అనబోయాడు. మనస్ఫూర్తిగానే అనబోయాడు. కాని నోరు తెరిచేలోపే, లోపల ఎక్కడో, నాలుగేళ్ళు రోజుకి పన్నెండు పేజీలు రాసినవాడు తలెత్తి, మూడే మాటలు, బావుంది, సీను ఇక్కడ ఆపేస్తే చాలు, ఆమె ముఖం మీద ఆపాలి అన్నాడు. అతనికి ఆ గొంతు స్పష్టంగా వినిపించింది. నోరు మూసుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది, ఆమె లేచి వెళ్ళి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచి తీసి పక్కసీట్లో పెట్టుకుంది.